ఇంటి కప్పు – వానకాలపు సంరక్షణము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పియున్నారు. ఇల్లు కట్టుట కష్టమే. కాని కట్టిన యింటిని నిలుపుకొనుట యంతకంటె సులభమైన పని కాదు. గోడలును, తలుపులును, దూలములును పదికాలములపాటు నిలుచుట కప్పు మీదనే యాధారపడి యున్నది. మన పల్లెలలో పాడువడిన యిండ్లను నిదానించి చూచినవారి కిది స్పష్టముగా తెలియును. మొదట కొప్పుమీది పెంకొకటి జారును. ఆ సందున వాసము తడియును. తడిసిన వాసమునకు చెదలు పట్టును. వాసము వంగిన పిమ్మట మఱి పది పెంకులు జారును. అంతట గోడతలమీద నీరు దిగి మట్టిగోడ నానును. ఏడెనిమిది వానకాలములు గడచునప్పటి కచట మన్నుదిబ్బ తప్ప మఱేమియు మిగులదు. పది నిమిషములలో సరిదిద్దదగిన పెంకును సరిదిద్దకపోవుటయే యింత నష్టమునకు మూలము.

ఈ వ్యాసమున మన తెలుగునాటి యిండ్ల కప్పులను వానలనుండియు, ఎలుకలు కోతులు మున్నగు ప్రాణులనుండియు కాపాడుకొను విధము వివరింపదలచితిమి. ఇది పెద్దల పనియని విద్యార్థు లీ పుటలు త్రిప్పివేయరాదు. కప్పు నెక్కి పనిచేయుట పెద్దలదే గాని, కప్పును కనిపెట్టి చూచుటకు కన్నులును, ఓపికయు నుండిన చాలును. ఆ రెండును విద్యార్థులకు కొఱతలేదు.

వాననీటి లెక్క

కప్పుమీద నెంత నీరు పడుచున్నదో మొదట తెలిసికొందము. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు గల చోట ఒక మిల్లీమీటరు వాన కురిసినచో నది సరిగా ఒక లీటరు నీరగును. పది మీటరుల పొడవును, ఆఱు మీటరుల వెడల్పును గల యింటి నూహింపుడు. దాని వైశాల్యము 60 చదరపు మీటరులు. ఒక దినమున 100 మిల్లీమీటరుల వాన కురిసినచో నా కప్పుమీద 6,000 లీటరుల నీరు పడును. పదునైదు లీటరులు పట్టు బిందెలతో కొలిచిన నది 400 బిందెలు! రెండు వాలులుగల యిల్లయిన నొక్కొక్క చూరునుండి 3,000 లీటరులు జారవలెను. అందు సగము ఒక్క గంటలోనే కురిసినచో, ఒక్కొక్క చూరు నిమిషమునకు 25 లీటరుల నీటిని దింపవలసి వచ్చును.

ఇది కల్పిత మైన లెక్క కాదు. మన దేశపు వాతావరణ శాఖవారు 24 గంటలలో 64.5 మొదలు 115.5 మిల్లీమీటరులవఱకు కురిసిన వానను భారీ వర్షమనియు, 115.6 మొదలు 204.4 వఱకు అతి భారీ వర్షమనియు, 204.5 మొదలు అంతకు మించినదానిని అత్యంత భారీ వర్షమనియు వ్యవహరించుచున్నారు. ఈ మూడు తెగల వానలును మన ప్రాంతమున కురియుచునే యున్నవి.

తెలుగుదేశమున వానకాలము లొకటి కాదు, రెండు. జూను మొదలు సెప్టెంబరువఱకు నైరృతి ఋతుపవనము ప్రధానముగా వర్షించును. అక్టోబరు మొదలు డిసెంబరువఱకు ఈశాన్య ఋతుపవనము దక్షిణ కోస్తాకు ముఖ్యముగా వానల నిచ్చును. ఆ కాలముననే బంగాళాఖాతమున పుట్టిన తుపానులు తీరమును తాకుట కలదు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనయు, 1996 నవంబరు 6వ తేదీని కోనసీమను తాకిన తుపానును, 2014 అక్టోబరు 12వ తేదీని విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపానును ఆ కాలపువే. కాబట్టి తీరవాసులు తమ కప్పులను మే నెల చివర నొకమారును, సెప్టెంబరు చివర మఱియొకమారును పరీక్షించుకొనవలయును.

కప్పుల భేదములు

అన్ని కప్పులకు నొకటే మందు పనికిరాదు. ముందుగా మన కప్పు ఏ జాతిదో యెఱుగవలెను.

పూరికప్పు: తాటాకుతో గాని, రెల్లుతో గాని, వరిగడ్డితో గాని నేసిన కప్పిది. ఇది చల్లనిది, చౌకైనది. గడ్డిలో నీరు నిలువక జారవలెనన్న వాలు మిక్కిలి నిటారుగా నుండవలెను. అడ్డముగా నొక అడుగు పోవునప్పటికి నిలువున నించుమించు ఒక అడుగు లేవవలయును. వాలు తగ్గిన కప్పు నాని, కుళ్లి, ఒక్క యేడే చెడును. దీనికి నీటికంటె నిప్పు పెద్ద శత్రువు. పొయ్యికిని కప్పునకును నడుమ దూర ముంచుట మఱువరాదు.

గూనపెంకులు: కుమ్మరి సారెమీద గొట్టమువలె మట్టిని తీసి, నిలువున రెండుగా చీల్చి, ఆరబెట్టి కాల్చిన పెంకు లివి. ఒక వరుసను వెల్లకిల పఱచి, వాని సందులమీద రెండవ వరుసను బోరగిల కప్పుదురు. వీనిని పట్టియుంచున దేమియు లేదు. తమ బరువును, ఒరపిడియు మాత్రమే. కావున గాలికిని, కోతికిని ఇవి తేలికగా కదలును. ఏటేట పెంకులు సర్దించుట తప్పనిసరి.

మంగుళూరు పెంకులు: వీనినే కొందరు బెంగుళూరు పెంకు లందురు. ఒకదాని గాడిలో నొకటి యిమిడికొను పెంకును ఫ్రాన్సుదేశమున గిలార్డోని సోదరులు 1841వ సంవత్సరమున కనిపెట్టిరి. ఆ విధమైన పెంకులను బాసెల్ మిషనువారు 1865వ సంవత్సరమున మంగుళూరునందు, నేత్రావతీ నదీతీరపు మట్టితో చేయనారంభించిరి. అందుచేతనే వాని కా పేరు వచ్చినది. చదరపు మీటరునకు సుమారు పదునైదు పెంకులు పట్టును. పెంకు వెనుకనున్న ముక్కు రీపరు బద్దకు తగులుకొని జారకుండ నిలుచును. వీనికి అడ్డముగా రెండడుగులకు నిలువున నొక అడుగు వాలైన నుండవలయును. అంతకు తగ్గినచో గాలివానకు నీరు గాడిని దాటి యెగబ్రాకును.

మట్టిమిద్దె: ఇది రాయలసీమలో విరివిగా నుండెడిది. దూలములమీద దంతెలు, వానిమీద బండలో కట్టెలో పఱచి, పైన మన్ను దట్టించి, దానిమీద చవుడు పోయుదురు. చవుడు పోయుట వట్టి యాచార మని కొందరు తలంతురు. కాని యిందు శాస్త్రము గలదు. చవుటిమన్నునందు సోడియపు లవణము లెక్కువ. వాన తగులగానే బంకమట్టిలోని మిక్కిలి సన్నని రేణువులు విడివడి, ఉబ్బి, మన్నులోని సందులను పూడ్చివేయును. అందుచే నీరు లోనికింకక పైననే జారిపోవును. పంటచేనికి కీడుచేయు గుణమే మిద్దెకు మేలుచేయుచున్నది. మొదటి వానకు ముందు చవుడు క్రొత్తగా పోయింపవలెను. నీరుపోవు తూములను శుభ్రము చేయవలెను.

రేకులు, సిమెంటు కప్పులు: రేకుల కప్పులో నీరు ముఖ్యముగా మరమేకులయొద్దనే చొచ్చును. మేకు క్రింది రబ్బరు బిళ్ల ఎండకు పగులును, దానిని మార్చవలయును. సిమెంటు కప్పునకు సన్నని చీలికలును, నీరు నిలుచు పల్లములును శత్రువులు. చీలికనుండి దిగిన నీరు లోని యినుమునకు త్రుప్పు పట్టించును. త్రుప్పుపట్టిన యినుము లావెక్కి సిమెంటును పెల్లగించును. కప్పు క్రింద పెచ్చు లూడిపడుట ఆరంభమైనచో నిక నుపేక్ష తగదు.

నీరు చొచ్చు చోటులు

నీరు కప్పులో మూడు విధముల చొచ్చును. మొదటిది, తన బరువుచే నేరుగా రంధ్రమున దిగుట. రెండవది, గాలి తోయగా వాలునకు ఎదురెక్కి సందున దూరుట. మూడవది, కేశాకర్షణము, అనగా దీపపువత్తిలో నూనె ప్రాకునట్లు, ఒకదానినొకటి యంటియున్న రెండు పెంకుల నడుమ నీరు ప్రాకుట. పెంకులనడుమ నాకులును, మట్టియు చేరినచో నీ మూడవ విధము విజృంభించును. కావున ఊడ్చిన కప్పు సగము బాగుచేసిన కప్పని చెప్పదగును.

ముఖ్యముగా చూడవలసిన చోటు లివి: కొప్పు, రెండు వాలులు లోమూలగా కలిసికొను దోనె, కప్పు గోడకు తగులు సంధి, పొగగొట్టము చుట్టు, చూరు చివర. వీనిలో దోనె మిక్కిలి ప్రమాదకరము. రెండు వాలుల నీరు దానిలోనికే వచ్చును. వేపాకు, చింతాకు మున్నగు చెత్తయు దానిలోనే చేరును. అడ్డుపడిన దోనె ఒక్క రాత్రిలో గది నంతయు తడుపగలదు. పైగా నందు నిలిచిన నీట దోమలు వారము పదిదినములలో పెరిగి యెగురును.

ఇంటిలో నీరు బొట్టుబొట్టుగా పడుచోటికి సరిగా పైననే రంధ్ర ముండునని భ్రమపడరాదు. పైన చొచ్చిన నీరు వాసము వెంబడి జారి, ముడియో మేకో యడ్డుపడిన చోట క్రిందికి రాలును. రంధ్రము తఱచు కొప్పువైపున నుండును. కనుక వాన కురియుచుండగనే తడిసిన వాసమును బొగ్గుతో గుర్తించి, తడి యారంభమైన పైచోటిని వెదుకవలెను. వాన లేని దినమున నడిమిట్ట మధ్యాహ్నపువేళ తలుపులు మూసి చీకటిచేసి పైకి చూచినను పగిలిన పెంకుల జాడ వెలుతురుచుక్కలచే తెలియును. ఇది విద్యార్థులు చేయదగిన పని.

పగిలిన పెంకును మార్చుటయే సరియైన చికిత్స. పగులుమీద సిమెంటు పూయుట తాత్కాలికము. కొప్పుపెంకుల క్రింద పెట్టు గచ్చులో సిమెంటు మితిమీరరాదు. పెంకు ఎండకు పెరుగును, చలికి తగ్గును. బిఱుసైన సిమెంటు ఆ కదలికకు లొంగక పగులును. లేదా తనతోకూడ పెంకును పగులగొట్టును. సున్నము కలసిన గచ్చు మెత్తనై కొంత యొదిగియుండును. క్రొత్త పెంకును కొనునపుడు వ్రేలితో తట్టి చూడుడు. కంచువలె ఖణీలుమన్న మంచిది. బొదబొదలాడు ధ్వని వచ్చిన పగులో, కాల్పు తక్కువయో యున్నదని గ్రహింపవలెను.

పక్షులు రాల్చిన గింజలనుండి గోడతలలయందును, కప్పుసంధులయందును రావి, మఱ్ఱి మొలకెత్తుట మీరందఱు చూచియుందురు. రెండాకులప్పుడు వ్రేళ్లతో లాగివేయవచ్చును. రెండేండ్లు ఊరకున్నచో వేరు గోడను చీల్చును. అప్పుడు కొమ్మ నఱికినను వేరు మరల చిగుర్చును.

కప్పు నెక్కువారికి హెచ్చరిక

కప్పు బాగుచేయబోయి కాలుసేతులు విఱుగగొట్టుకొన్నవారు, ప్రాణము గోల్పోయినవారు కలరు. ఒక్క పెంకు విలువ మనుష్యుని నడుము విలువ కాదు. తడిసి నాచుపట్టిన కప్పు నెవ్వరును ఎక్కరాదు. ఉఱుములు మెఱుపులు గల వేళ నెక్కరాదు. నిచ్చెన నాలుగడుగుల యెత్తునకు మొదలు గోడనుండి ఒక అడుగు దూరమున నుండునట్లు వాల్చి, క్రింద నొకరు పట్టుకొని నిలువవలెను. పెంకుల నడుమ నడుగిడక, క్రింద వాసమున్న చోట పలకను పఱచి దానిమీద నడువవలెను. ఇంటిలోనికి వచ్చు విద్యుత్తీగ కప్పునకు దగ్గరగా నుండును గావున ఇనుప నిచ్చెనను గాని తడిసిన వెదురును గాని దానిదరికి చేర్పరాదు.

పాత సిమెంటు రేకులందు రాతినార, అనగా ఆస్‌బెస్టాసు, కలసియుండును. అవి పైకి గట్టిగా కనబడినను బరువు పడగానే పెళుక్కున విఱుగును. వానిని కోసినను, రుద్దినను, పగులగొట్టినను లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులకు మాన్పరాని రోగములు కలిగించును. వానిని మార్చవలసి వచ్చినపుడు తడిపి, పగులకుండ మొత్తముగా దింపుట క్షేమము. పిల్లలు వాని ముక్కలతో ఆడరాదు.

కప్పు చేరు ప్రాణులు

"ఇంట నెలుకలున్నవని యిల్లు తగులబెట్టుకొన్నట్లు" అను సామెత మన కెఱుకయే. కప్పులోనికి వచ్చు ప్రాణులవిషయమున నీ సామెతను మనసునం దుంచుకొనవలెను. కొన్ని ప్రాణులు నిజముగా హానికరములు, కొన్ని నిరపాయములు, కొన్ని మన స్నేహితులు. వేరుపఱచి తెలిసికొననివాడు స్నేహితుని చంపి శత్రువును పోషించుచుండును.

ఎలుక: వీనిలో నిది యగ్రగణ్యము. ఎలుక పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. అందువలన నది యేదో యొకటి కొఱుకక తప్పదు. ధాన్యము, బట్టలు, పుస్తకములతోపాటు విద్యుత్తీగల తొడుగునుకూడ కొఱుకును. దానివలన నిప్పంటుకొనుట కలదు. ఇంటియెలుక గోడలను, త్రాళ్లను, కొమ్మలను సులభముగా ప్రాకును. చిట్టెలుకకు ఆఱు మిల్లీమీటరుల సందు, అనగా వ్రాతకఱ్ఱ దూరునంత సందు, చాలును. కాబట్టి చూరుక్రింది సందులకు ఆఱు మిల్లీమీటరులకు మించని కన్నులుగల యినుపవల బిగింపవలెను. గాలి యాడుటకు దారి యుండవలెను గావున సందులను పూర్తిగా పూడ్చుటకంటె వల మేలు. కప్పుమీదికి వాలిన కొమ్మలను రెండు మీటరుల దూరమువఱకు కొట్టివేయవలెను. గడ్డివామిని గోడకు దూరముగా వేయవలెను. విషము పెట్టిన నెలుక కప్పులో చచ్చి దుర్గంధము పుట్టించును. దానిని తిన్న గుడ్లగూబయు, పిల్లియు చచ్చును. బోనే మంచిది.

పాము: పాము మనకొఱకు రాదు; ఎలుకకొఱకు వచ్చును. జెర్రిపోతు విషము లేనిది. ఎలుకల నెక్కువగా తినును. చెట్లను, కప్పులను ఎక్కగలదు. నాగుపామును, కట్లపామును విషసర్పములు. కట్లపాము రాత్రివేళ తిరుగును. నేలమీద పండుకొన్నవారిని కఱచును. కాటు నొప్పి యంతగా తెలియక నిద్రలోనే విషమెక్కుట కలదు. దోమతెరను పఱపుక్రింద నలువైపుల దోపి పండుకొనుట దోమలనుండియే కాక పామునుండియు కాపాడును. కాటు పడినచో కోయుట, పీల్చుట, బిగించి కట్టుట చేయరాదు. మంత్రములతో కాలము గడపరాదు. కఱచిన యవయవమును కదలింపక వెంటనే విషమునకు విఱుగుడు మందుగల యాసుపత్రికి కొనిపోవలెను. కప్పులోని యెలుకను అరికట్టిన తల్లిదండ్రులు తెలియకయే తమ బిడ్డల మంచమునకు కావలి కాచినవారగుదురు.

కోతి: పెంకుటిండ్లకు నేడు వానకంటె కోతివలననే యెక్కువ హాని కలుగుచున్న యూళ్లు, ముఖ్యముగా తెలంగాణమున, అనేకములు గలవు. మన దేశభాగమున రెండు జాతుల కోతులున్నవి. నెత్తిమీద వెండ్రుకలు టోపీవలె పఱచుకొని, తోక పొడవుగా నుండునది దక్షిణపు జాతి. తోక పొట్టిగా, పిఱుదులు ఎఱ్ఱగా నుండునది ఉత్తరపు జాతి. ఈ రెండవజాతి క్రమముగా దక్షిణమునకు వ్యాపించుచు మొదటిదానిని వెనుకకు నెట్టుచున్నది. కోతులు గుంపుగా కప్పునుండి కప్పునకు దుముకును; పురుగులకొఱకును, పిట్టగ్రుడ్లకొఱకును పెంకుల నెత్తి విసరును. గూనపెంకుల యింటిని ఒక్క పూటలో జల్లెడ చేయగలవు.

ఇందువలన విసిగి పలువురు గూనపెంకులు దింపించి రేకులు వేయించుకొనుచున్నారు. వారిని తప్పుపట్ట జాలము. పెంకులుచేయు కుమ్మరులు తగ్గిపోయిరి. విఱిగినదానికి బదులు కావలసిన, కూల్చిన పాతయిండ్ల పెంకులే గతియగుచున్నవి. కాని రేకు వచ్చిన యింట వేసవి దుర్భరమగును. కావున మార్చుటకుముందు చేయదగినవి చేసి చూడవలయును. చూరువరుసను, కొప్పువరుసను గచ్చుతో బిగించి, మంగుళూరు పెంకులైనచో రీపరుబద్దలకు తీగతో కట్టవలెను. కొమ్మలు నఱుకవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, కోతులకు తిండి పెట్టరాదు. ఎంగిలియు, తొక్కలును బయట పాఱవేయరాదు. ఒక్క యింటివారు పెట్టిన అరటిపండు ఊరి పెంకులన్నిటికి చేటు తెచ్చును. అడవిలో పండ్లచెట్లు తగ్గుటయు వాని రాకకు కారణమే. 2015వ సంవత్సరమున తెలంగాణమున నారంభమైన హరితహారములో కోతులకొఱకు పండ్లమొక్కలు నాటుటయు నొక భాగమైన దిందుకే. కోతులను ఎవరికి వారు పట్టి చంపుట క్రూరము. వన్యప్రాణులవిషయమున 1972వ సంవత్సరపు చట్టమును గలదు. గ్రామపంచాయతీవారికిని, అటవీశాఖవారికిని తెలుపుటయే తగినపని. కోతి కఱచినను, గీరినను సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి వైద్యునియొద్దకు పోవలెను.

మానుపిల్లి: రాత్రి కప్పుమీద ధబధబ చప్పుడైన దయ్యమని భయపడువారు కలరు. అది తఱచుగా మానుపిల్లి. పండ్లు, ఎలుకలు తినును. తాటిచెట్టు కుండలలోని కల్లును త్రాగును. మనుష్యుని జోలికి రాదు. అది మేతకు పోయిన రాత్రివేళ, లోపల పిల్లలు లేవని చూచుకొని, దారి మూసివేసిన చాలును.

గబ్బిలము: చూరు పట్టుకొని వ్రేలాడు చిన్నగబ్బిలములు పురుగుల దిని బ్రదుకును, ఒక్కొక్క రాత్రి లెక్కలేనన్ని పురుగుల నవి మ్రింగును. వాని రెట్టలు ప్రోగుపడినచో పొడిగా ఊడ్వరాదు. నీళ్లు చల్లి, ముక్కునకు గుడ్డ కట్టుకొని తీయవలెను. వానిని తప్పింపవలసినచో పిల్లలు ఎగురనేర్చిన పిమ్మట, సాయంకాలము అన్నియు వెలుపలికి పోయినప్పుడు సందు మూయవలెను.

గుడ్లగూబ: తెల్లని హృదయాకారపు ముఖముగల గుడ్లగూబ పాత కప్పులలో గూడుపెట్టును. దాని కూత యపశకునమని తఱుముట వట్టి యజ్ఞానము. రాత్రియంతయు నది పట్టునవి మన గాదెల నెలుకలే. జీతము లేని కావలివానిని ఱాళ్లతో కొట్టుదుమా?

పిచ్చుక: పెంకుటిండ్ల చూరులే పిచ్చుకకు పుట్టినిల్లు. సిమెంటు కప్పులు ప్రబలిన తరువాత దానికి గూటిచోటు కఱవైనది. 2010వ సంవత్సరమునుండి మార్చి 20వ తేదీని లోకమంతట పిచ్చుకల దినముగా పాటించుచున్నారు. వలలు బిగించిన చూరుక్రింద నొక చిన్నకుండను గాని, పెట్టెను గాని వ్రేలాడదీసినచో మన యిల్లును చెడదు, దాని గూడును చెడదు.

చెదలు, తుమ్మెద: చెదలు గోడమీద మట్టిసొరంగము వేసికొని పైకి పోవును. వారమున కొకమారు గోడలు చూచి, సొరంగము కనబడగానే చెరిపి, పుట్టమూలమును వెదుకవలెను. తడిసిన కఱ్ఱయే వానికి విందు. కాబట్టి కారుపు మాన్పుటయే మొదటి మందు. నల్లని పెద్ద తుమ్మెద వెదురువాసములను గుండ్రముగా తొలిచి లోపల కాపురముండును. వాసముల చివరలను బంకమట్టితో మూసి, కఱ్ఱకు నూనెయో రంగో పూసినచో నది రాదు.

తుపాను దినమున

గాలి కప్పును క్రిందికి నొక్కునని పలువురు తలంతురు. నిజమునకు తీవ్రమైన గాలి కప్పును పైకి లాగును. చూరుక్రింద దూరిన గాలి క్రిందనుండి యెత్తును. అందుచే మిక్కిలి పొడవైన చూరు తీరప్రాంతమున ప్రమాదకరము. రెండు వాలుల కప్పుకంటె నాలుగు వాలుల కప్పు గాలికి మెఱుగుగా నిలుచును. దూలమును గోడతో, వాసమును దూలముతో ఇనుపపట్టీలచే కట్టియుంచవలెను. తుపాను కేంద్రము మీదుగా పోవునపుడు గాలి హఠాత్తుగా నాగును. కొంతసేపటికి ఎదురుదిక్కునుండి మరల విజృంభించును. ఆ నడిమి శాంతిని నమ్మి కప్పు సర్దుటకై వెలుపలికి పోయినవాడు ప్రాణము గోల్పోవును. అధికారులు కదలుమన్నపుడు ఇంటిని విడిచి ఆశ్రయభవనమునకు చేరవలెను. కప్పును మరల వేసికొనవచ్చును.

ముగింపు

కప్పు సంరక్షణము ధనవంతుల పనియని యెవ్వరును తలపరాదు. పెద్ద మరమ్మతునకే గాని చిన్నమరమ్మతునకు ధనము కావలదు, వేళ కావలెను. మే నెలలో ఊడ్చిన దోనె జూనులో గదిని కాపాడును. నేడు సర్దిన పెంకు వచ్చు పదేండ్లు వాసమును కాపాడును. మఱియొక మాట. మన వీథిలో కప్పు నెక్కించుటకు కొడుకులు లేని వృద్ధులుందురు. మన యింటి పని ముగిసిన దినముననే, తెచ్చిన నిచ్చెనను ప్రక్కయింటి గోడకు చేర్చుట మన ధర్మము. ఊరిలో నొక్క యిల్లు కారుచున్నను ఎలుకకు ఆశ్రయము, చెదలకు భోజనము, దోమకు తొట్టి దొరకుచున్నట్లే. అవి యచటనుండి మన యింటికి వచ్చుట కెంతో కాలము పట్టదు.

విద్యార్థులకు అభ్యాసము

1. మీ యింటి కప్పు ఏ జాతిదో, ఎన్ని వాలులు గలదో పటము గీయుడు. కొప్పు, చూరు, దోనె, వాసము, దూలము గుర్తింపుడు.

2. మీ యింటి వైశాల్యము కొలిచి, 65 మిల్లీమీటరుల వాన కెన్ని లీటరుల నీరు పడునో లెక్కింపుడు.

3. వానకాలమునకు ముందు చీకటిగదిలో నిలిచి కనబడిన వెలుతురుచుక్కలను లెక్కించి, ఆ లెక్కను ఇంటి పెద్దలకు తెలుపుడు. మరమ్మతైన పిమ్మట మరల లెక్కింపుడు.

4. ఒక నెలపాటు మీ చూరుక్రింద కనబడిన ప్రాణుల పేర్లు వ్రాసి, ప్రతిదాని కెదురుగా హానికరమో, నిరపాయమో, ఉపకారియో కారణముతో వ్రాయుడు.